హోవ్లాండ్ కోచ్ ప్రతి ఏడూ చెప్పిన మాట

వెండెల్ హోవ్లాండ్ ఎల్మ్‌హోల్మ్ కాలేజీకి వచ్చింది మగపిల్లలకు పరుగు నేర్పడానికి. ఆడపిల్లలం ఆయన నెత్తిన పడ్డది ఆ తర్వాత కొన్నాళ్ళకు. ఆడపిల్లలకూ ఆటలు పెట్టి తీరాలని ప్రభుత్వం చట్టం తెచ్చిన రోజులవి. మాది అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న చర్చి కాలేజీ. మా కోసం ఇంకో కోచ్‌ని పెట్టే ఉద్దేశం ఎవరికీ లేదు. ఆటల విభాగం డైరెక్టర్ ఆయన్ని పిలిచి, "ఎలాగూ కుర్రాళ్ళని పరిగెత్తిస్తున్నావుగా, ఈ పిల్లల్ని కూడా వాళ్ళ వెనకాల తోలెయ్," అన్నాడట.

ఆ మాట కోచ్ మొదటి రోజే మాకు చెప్పేశాడు. చెప్పి, "నేను మాత్రం మిమ్మల్ని ముందు తోలతాను. ఆ గాడిదలు మీ వెనకాల రొప్పుకుంటూ వస్తాయి," అన్నాడు. గాడిదలు పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ళూ నవ్వారు.

మాకు చొక్కాలు లేవు. మగపిల్లలు వాడేసినవి మోకాళ్ళ దాకా వేలాడుతూ వేసుకున్నాం. చలికాలానికి కోచ్ భార్య సోల్వే ఉన్ని టోపీలు అల్లి ఇచ్చింది. పందాలకు వెళ్ళే వ్యాన్ ఆయనే నడిపేవాడు. ఆ వ్యాన్‌లో వేడి ముందు సీటు దాటి వెనక్కి వచ్చేది కాదు, అందుకని దారి పొడుగునా వంతులవారీగా ముందుకు పిలిచి కూర్చోబెట్టేవాడు. కాలేజీ వెనక పచ్చిక బయలులో పరుగు దారి ఆయన సొంతంగా గడ్డి కోసి వేసిందే. పందెం జరుగుతుంటే ఒక గుట్ట మీద నిలబడి అరిచి, మేం దాటగానే అడ్డదారిన పరిగెత్తి రెండో గుట్ట మీద ప్రత్యక్షమయ్యేవాడు. ఆ పరుగులో టోపీ ఎక్కడో పడిపోయేది. "ఎంగెన్, చేతులు దించు, నువ్వేం కోళ్ళని తోలట్లేదు" అన్న కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఎంగెన్ నేనే. మార్లిస్ ఎంగెన్. ఆయన మమ్మల్ని ఇంటిపేర్లతోనే పిలిచేవాడు, మనసు మెత్తబడ్డప్పుడు తప్ప.

రెనాటా వావ్రా వచ్చింది నా ఆఖరి ఏడాదిలో. గంట దూరంలో చెక్ వాళ్ళ పల్లె, పాడి రైతు కూతురు. తెల్లారకముందే ఆవుల పాలు పితికి ఆ తర్వాత బడికి వెళ్ళిన పిల్ల. గట్టి పిక్కలు, వెడల్పాటి భుజాలు. గుట్ట ఎక్కేటప్పుడు మేం నడుములు వంచేస్తే తను కబుర్లు చెబుతూ ఎక్కేది.

"ఒసే రెన్, కాస్త ఊపిరి తీసుకోనివ్వవే. మీ ఆవు ఈనిన కథ పైకెక్కాక చెబుదువుగాని."

"పైకెక్కాక నువ్వు వినే స్థితిలో ఉండవుగా, మార్లిస్."

వాళ్ళమ్మ లిబ్బీ వావ్రా ప్రతి పందేనికీ పాల క్యాన్ల ట్రక్కులోనే వచ్చేది, రబ్బరు బూట్లతో. వస్తూ పెద్ద పెట్టె నిండా కొలాచీలు తెచ్చేది. మధ్యలో గసగసాల ముద్దో, పండ్ల ముద్దో పెట్టి కాల్చిన మెత్తటి తీపి రొట్టెలవి. పందెం అయ్యాక మేం ఆ పెట్టె చుట్టూ ఈగల్లా మూగేవాళ్ళం. రెన్ రెండు చేతులా తినేది.

చదువయ్యాక నేను కాలేజీ ఆఫీసులో ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు కోచ్‌కి సాయంగా ఉండిపోయాను. ఆ వేసవిలో ఆయన కోచ్‌ల శిక్షణ శిబిరానికి ఎక్కడికో వెళ్ళొచ్చాడు. పేరున్న వాళ్ళంతా అక్కడ ఒకటే పాట పాడారట: బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. తిరిగి వచ్చిన వారానికల్లా ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది గుమ్మం పక్కన బరువు మిషన్ వచ్చి కూర్చుంది. సోమవారం సోమవారం పిల్లలు వరసగా దాని మీద ఎక్కాలి. కోచ్ అంకె పైకి చదివేవాడు. దుర్మార్గంతో చేశాడని నేను అనను. ఆ రోజుల్లో చాలామంది చేసిందే. కానీ చేశాడు.

సెప్టెంబర్‌లో మా మైదానంలోనే పందెం జరిగింది. అయ్యాక లిబ్బీ ట్రక్కు వెనక తలుపు దించి పెట్టె తెరిచింది. రెన్ ఒకటి తినేసి రెండోది తీసుకుంటోంది. కోచ్ అటుగా పోతూ, ఎప్పటి ధోరణిలోనే, "వావ్రా, చూసుకో మరి. ఆ కొలాచీలు నీ బదులు పరిగెత్తవు," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కోచ్ నవ్వుతూనే వెళ్ళిపోయాడు. రెన్ చేతిలోది పెట్టెలో పెట్టేసింది.

అక్కడి నుంచి ఆ పిల్ల తినడం తగ్గించింది. భోజనాల హాల్లో పళ్ళెం నిండా ఆకుకూర పెట్టుకుని ఫోర్కుతో అటూ ఇటూ జరుపుతూ కూర్చునేది. వారం వారం అంకె దిగింది. పరుగు మాత్రం పెరిగింది. అదే అసలు పాపం. మొదట పెరగకపోయి ఉంటే ఎవరో ఒకరు ఆపేవాళ్ళు. కోచ్ మురిసిపోయాడు. "వావ్రాని చూసి నేర్చుకోండి. పట్టుదలంటే అది," అని అందరి ముందూ అనేవాడు. అన్నప్పుడల్లా ఆ పిల్ల మొహం వెలిగేది.

గుట్ట మీద కబుర్లు ఆగిపోయాయి. ఎండ కాస్తున్నా స్వెట్టర్ విప్పేది కాదు. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. స్నానాల గది జాలీలో కుచ్చులు కుచ్చులుగా జుట్టు. నేను కోచ్ దగ్గరికి వెళ్ళాను.

"కోచ్, రెన్ తిండి ముట్టడం లేదు. మొహం చూశారా అసలు?"

"గెలుస్తోంది కదా ఎంగెన్. జబ్బు మనిషి గెలుస్తుందా?"

"ఏమో. నాకు భయంగా ఉంది."

"నువ్వు మరీ అమ్మమ్మలా తయారవుతున్నావు," అన్నాడు.

అక్టోబర్ చివర చుట్టుపక్కల కాలేజీలన్నిటి పోటీలో రెన్ మొదటి స్థానంలో వచ్చింది. మా ఆడపిల్లల్లో ఎవరికీ అంతకు ముందు అది దక్కలేదు. కోచ్ గుట్ట మీంచి దూకినట్టు పరిగెత్తుకొచ్చి, గీత దాటి తూలుతున్న పిల్లని రెండు చేతులా పైకెత్తాడు. ఎత్తగానే ఆయన మొహంలో నవ్వు చెదిరింది. నేను పక్కనే ఉన్నాను. మెల్లిగా కిందికి దించి, తన కోటు విప్పి ఆమె చుట్టూ కప్పాడు.

తిరుగు ప్రయాణంలో పెట్రోలు కోసం ఆగినప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "మార్లిస్, ఆ పిల్ల అసలు బరువే లేదు."

"నేను చెబుతున్నది అదేగా."

"సీజన్ ఇంకెంత, వారాలే. అయిపోనీ. డాక్టర్‌కి చూపిద్దాం."

సీజన్ అయ్యేలోపే ఆమె పాదంలో ఎముక చిట్లింది. డాక్టర్ చూసి పరుగు మాన్పించి, ఇంటికి పంపించి బాగా తిండి పెట్టమన్నాడు. లిబ్బీ పెట్టింది. ఆ పిల్ల తిన్నట్టు నటించింది. కట్టు కాలితోనే రహస్యంగా కొట్టంలో వ్యాయామాలు చేసేదట. ఫిబ్రవరిలో ఓ ఉదయం పాలు పితుకుతూ ఆవు పక్కనే ఒరిగిపోయింది. గుండె ఆగిపోయింది. ఇరవయ్యో ఏడు నిండని పిల్ల. ముందు చూసింది తల్లే.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు. ఊరి ఆడవాళ్ళు పంది మాంసం పెట్టిన రొట్టెలు, కాఫీ అందిస్తున్నారు. కోచ్ గోడ పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. లిబ్బీ ఓ పళ్ళెం పట్టుకుని నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. పళ్ళెంలో కొలాచీ ఒకటి ఉంది.

"తినండి హోవ్లాండ్ గారూ. ఇవి ఎవరి బదులూ పరిగెత్తవు కదా."

ఆమె భర్త ఫ్రాంక్ వచ్చి భుజం పట్టుకున్నాడు, "రా లిబ్బీ, రావే," అంటూ. ఆమె కదలలేదు. కోచ్ దాన్ని తీసుకుని తిన్నాడు. నమలడం, మింగడం, అంతా ఆమె చూస్తూ నిలబడింది. అయిపోయాక ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

మరునాడు ఆయన బరువు మిషన్‌ని తనే వ్యాన్‌లో వేసుకుని పాత ఇనుము కొట్టుకు తీసుకెళ్ళి పడేశాడు. ఆ వారమే రాజీనామా ఇచ్చాడు. డైరెక్టర్ తీసుకోలేదు. "ఆ పిల్ల గుండె పుట్టుకతోనే బలహీనమై ఉంటుంది. నువ్వేం చేస్తావు? ఇంటికెళ్ళి పడుకో," అన్నాడు. కాలేజీలో అందరూ అదే మాట. ఆయన తప్పేం లేదని ఆయనకు నచ్చజెప్పడానికి ఒకరి వెంట ఒకరు వచ్చారు. ఎవరైనా ఒక్కరు నిలదీస్తే బాగుండునని అనుకుంటున్నట్టు ఆయన మొహం చూస్తే తెలిసేది.

మంచు కరిగాక వావ్రాల ఇంటికి వెళదాం, తోడు రమ్మని అడిగాడు. వెళ్ళాం. లిబ్బీ వాకిట్లోకి వచ్చి తన వెనక తలుపు మూసేసింది. మమ్మల్ని లోపలికి పిలవలేదు.

"ఉద్యోగం వదిలేస్తున్నాను," అన్నాడు కోచ్. "ఆ మాట మీకు చెబుదామని వచ్చాను."

"ఎందుకు వదలడం?"

"ఇంకే మొహం పెట్టుకుని చేయను?"

లిబ్బీ చేతులు తుడుచుకుంటూ చాలాసేపు కొట్టం వైపు చూసింది. "మీరు మానేస్తే మీకు సుఖం. నాకేంటి? మీ చోట్లోకి ఇంకొకడు వస్తాడు, వాడూ ఓ మిషన్ తెచ్చి పెడతాడు. మీరు పోవద్దు. అక్కడే ఉండండి. ఏటా కొత్త పిల్లలొస్తారు కదా, వాళ్ళని కూర్చోబెట్టి నా కూతురి పేరు చెప్పి, దానికేం చేశారో మీ నోటితో చెప్పండి. ఎవరో చేసినట్టు చెప్పకండి. మీరు చేసినట్టే చెప్పండి."

"చెబుతాను."

"ఎన్నాళ్ళు చెబుతారో చూస్తాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆగస్టులో చెప్పాడు. కొత్త పిల్లలూ పాత పిల్లలూ పచ్చికలో కూర్చున్నారు. ఆయన నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. మిషన్ సంగతి, కొలాచీ మాట, నేను వెళ్ళి చెబితే తను అన్న మాట, సీజన్ అయిపోనీ అన్న మాట. "ఆ పిల్ల పేరు రెనాటా వావ్రా. నేను చెయ్యాల్సిన పని నేను చెయ్యలేదు. ఆ పిల్ల చనిపోయింది. మీలో ఎవరికైనా తిండి దగ్గర ఏమాత్రం తేడా చేసినా నాకు చెప్పండి. నాకు చెప్పాలనిపించకపోతే ఎంగెన్‌కి చెప్పండి," అని ముగించాడు. పిల్లలు నేల చూపులు చూశారు. ఇద్దరు ఆ సాయంత్రమే జట్టు మానేశారు.

అలా ప్రతి ఏడూ చెప్పాడు. దానికి మూల్యమూ చెల్లించాడు. పిల్లల్ని తమ కాలేజీకి లాక్కోవాలని చూసే వేరే కోచ్‌లు తల్లిదండ్రుల చెవిలో ఊదేవాళ్ళు: "అక్కడ ఒక అమ్మాయి చచ్చిపోయింది, తెలుసా? ఆయనే ఒప్పుకుంటాడు, కావాలంటే అడగండి." వాళ్ళు అడిగేవాళ్ళు. ఈయన ఒప్పుకునేవాడు. మంచి మంచి పిల్లలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారు. మా జట్టులో ఎవరూ మళ్ళీ ఎన్నడూ మొదటి స్థానం మొహం చూడలేదు. కొత్త డైరెక్టర్ వచ్చాక పిలిచి, "ఆ కథ ఇక ఆపు వెండెల్. కాలేజీకి చెడ్డపేరు," అన్నాడు. "నన్ను తీసేయండి, ఆపుతాను," అన్నాడు కోచ్. తీసేయలేదు.

భోజనాల హాల్లో రోజూ పిల్లలతోనే కూర్చుని తినేవాడు. ఎవరి పళ్ళెం వైపూ చూడకుండా తినడం ఎలాగో నేర్చుకోవడానికి ఆయనకు చాలా ఏళ్ళు పట్టింది. సోల్వే ఒకసారి నాతో, "ఈ మనిషి ఇంట్లో మాత్రం ముద్ద ముట్టడే. ఆ పిల్లల ముందే ఆకలి వేస్తుంది కాబోలు," అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

షెల్బీ క్రౌస్ అని ఒకమ్మాయి వచ్చింది, రెన్ తర్వాత మాకు దొరికిన అంత మంచి పరుగు ఆ పిల్లదే. రెండో ఏడాదిలో సన్నబడటం మొదలైంది. కోచ్ వెంటనే పరుగు ఆపించి డాక్టర్ దగ్గరికి పంపాడు. పెద్ద పోటీ ముందుంది. డాక్టర్ సరేననేదాకా బరిలోకి దించనన్నాడు.

"మీ చచ్చిపోయిన అమ్మాయిని నా నెత్తిన రుద్దుతారేంటి?" అంది షెల్బీ, జట్టంతా వింటుండగా. "నేను ఆమె కాదు. ఎప్పుడో మీరు చేసిన దానికి ఇప్పుడు నేను పరుగు మానుకుని కూర్చోవాలా?"

"కూర్చోవాలమ్మా," అన్నాడు కోచ్.

ఆ పిల్ల చలికాలంలోనే వేరే కాలేజీకి మారిపోయింది. తర్వాతి ఏడు అక్కడ గెలిచింది. ఆమె ఫోటో పేపర్లో వచ్చిన రోజు కోచ్ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని మణికట్లు, మెడ ఎముకలు చూస్తూ కూర్చున్నాడు. "తెలియట్లేదు మార్లిస్. బాగుందంటావా?" అని అడిగాడు. నాకూ తెలియలేదు. ఆమె ఎలా ఉందో ఆ తర్వాత మాకెవరూ చెప్పలేదు.

కోచ్‌కి డెబ్భై దగ్గరపడ్డాక సోల్వే పోయింది. ఆ మరుసటి వసంతంలో, వచ్చే సీజనే తన ఆఖరిదని ఆయన చెప్పేశాడు. పచ్చిక బయలులోని పరుగు దారికి ఆయన పేరు పెడతామన్నారు కాలేజీ వాళ్ళు. వద్దన్నాడు. పెట్టాలనుకుంటే రెనాటా పేరు పెట్టండి అన్నాడు. వాళ్ళు గుసగుసలాడుకుని చివరికి సరేనన్నారు. "ముందు ఆమెని అడగాలి," అని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

ఫ్రాంక్ అప్పటికే లేడు. లిబ్బీ ఆవుల్ని అమ్మేసి, చర్చి ఎదురుగా చిన్న ఇంట్లో ఉంటోంది. ఈసారి లోపలికి రానిచ్చింది. వంటగది బల్ల దగ్గర కూర్చున్నాం. కోచ్ సంగతి చెప్పాడు.

"వద్దు," అంది లిబ్బీ.

"ఆమె గుర్తుగా..."

"దాని పేరు రాతి మీద ఉంది, మా స్మశానంలో. అది చాలు. అక్కడ పెడితే రేపు పిల్లలేమంటారు? ఎవరీ రెనాటా, ఎంత వేగంగా పరిగెత్తేది, అంటారు. ఆ వేగానికే మళ్ళీ చప్పట్లు కొడతారు. నాకొద్దు."

కోచ్ తల దించుకున్నాడు. "నిజమే. నాకు తట్టలేదు."

లిబ్బీ అడిగింది: "ఇంకా చెబుతున్నారా?"

"చెబుతున్నాను."

"ఏమని?"

ఆయన నా వైపు చూశాడు. తర్వాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, పిల్లలకు చెప్పినట్టే మొదటి నుంచి చెప్పాడు. ఎక్కడా కుదించలేదు. లిబ్బీ బల్ల మీది గుడ్డ అంచు మడత పెడుతూ విప్పుతూ వింది. గసగసాల కొలాచీ అని ఆయన అన్నచోట మాత్రం ఆపింది.

"గసగసాలు కాదు. ఆ రోజు ఆప్రికాట్ పెట్టాను. దానికి ఆప్రికాట్ అంటే ఇష్టం."

"ఆప్రికాట్," అన్నాడు కోచ్.

"మీరలా అన్నాక అది నవ్వింది. ఆ ముక్క చెబుతున్నారా?"

"లేదు. నేను చూడలేదు. వెళ్ళిపోతున్నాను కదా."

"నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నేనూ నవ్వాను." లిబ్బీ గొంతు మారలేదు, చేతులు మాత్రం ఆగిపోయాయి. "మీరు పెద్ద జోకు వేశారని నేనూ నవ్వాను, హోవ్లాండ్ గారూ. అది తిరిగి పెట్టెలో పెట్టేస్తుంటే చూశాను కూడా. ఇంటికెళ్ళాక తింటుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫ్రాంక్‌కి కూడా."

కోచ్ చెయ్యి బల్ల మీద కొంచెం ముందుకు జరిగి ఆగింది. ఆమె దాని వైపు చూసింది గానీ అందుకోలేదు.

"అది నవ్విందని చెప్పండి పిల్లలకి," అంది. "నవ్వుతారు కాబట్టే ఎవరికీ తెలియదు."

లేచి కాఫీ పెట్టింది. ముగ్గురం తాగాం. వాన పడదేమిటని మాట్లాడుకున్నాం. వెళ్ళొస్తామంటే సరేనంది.

ఆ ఆగస్టులో, ఆఖరిసారి, కోచ్ ఆ ముక్క కలిపి చెప్పాడు. తల్లి నవ్విన సంగతి చెప్పలేదు. అది ఆమెది, తను చెప్పేది కాదన్నాడు నాతో. సీజన్ అయ్యాక వీడ్కోలు విందు ఒప్పుకోలేదు. పచ్చిక బయలుకి ఎవరి పేరూ పెట్టలేదు.

తర్వాత రెండు చలికాలాలు బతికాడు. పందాలకు రమ్మంటే వచ్చేవాడు కాదు. నేను ఆదివారాలు వెళ్ళి కూర్చునేదాన్ని. జట్టులో ఎవరెలా పరిగెత్తుతున్నారని ఎప్పుడూ అడగలేదు. ఎవరెలా ఉన్నారని అడిగేవాడు. మార్చిలో, నిద్రలోనే పోయాడు. ఆయన అంత్యక్రియలకు చాలా ఊళ్ళ నుంచి పాత పిల్లలొచ్చారు, కొందరు తమ పిల్లలతో సహా. లిబ్బీ రాలేదు. నేను కబురు పంపాను. "విన్నాను," అని మాత్రం అందట.

ఆయన దిగిపోయినప్పటి నుంచీ జట్టు పిల్లలు నా చేతికింద ఉన్నారు. ఆయన లేని మొదటి ఆగస్టులో వాళ్ళని గడ్డిలో కూర్చోబెట్టాను. నేను చెయ్యని పనిని నేను చేసినట్టు చెప్పలేను కదా, అందుకని ఆయన పేరూ ఆ అమ్మాయి పేరూ రెండూ చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అయిపోయాక చివర కూర్చున్న ఒక పిల్ల, జడ కొస వేళ్ళకు చుట్టుకుంటూ, "వాళ్ళమ్మ ఆయన్ని క్షమించిందా, కోచ్?" అని అడిగింది.

"లేదనుకుంటానమ్మా."

"ఆయన అడిగాడా?"

"ఎప్పుడూ అడగలేదు."

లేవండి అన్నాను. ఎండ ఎక్కువగా ఉందని నీళ్ళు తాగించి, ఆ రోజుకి మెల్లిగా, కబుర్లు చెప్పుకునేంత మెల్లిగా మాత్రమే పరిగెత్తమన్నాను.